మంచం, పొయ్యి ఉంటే ట్రైలర్ ఆర్వీ అవుతుందా?



డాలస్ చుట్టుపక్కల మన పెళ్లిళ్లకు మండపాలు కట్టే తెలుగు కుటుంబాలు కొన్ని ఉన్నాయి. వారమంతా ఉద్యోగాలు. శుక్రవారం సాయంత్రం మొదలుపెడితే ఆదివారం అర్ధరాత్రి దాకా స్తంభాలు, తెరలు, పూలదండలు, దీపాలు. అలాంటి దంపతులు పోయిన చలికాలంలో నన్నొక సంగతి అడిగారు. వాళ్లు 34 అడుగుల ట్రైలర్ ఒకటి బేరమాడుతున్నారు. వెనక భాగంలో సామాను పడుతుంది, ముందు భాగంలో చిన్న ఇల్లు ఉంది. అమ్మేవాళ్లేమో, "దీన్ని ఆర్వీగా రిజిస్టర్ చేయించుకోండి. లైసెన్సు గొడవ ఉండదు, డాట్ నంబరు గొడవ ఉండదు, ఇన్సూరెన్సు కూడా తక్కువే పడుతుంది" అన్నారట. "నిజమేనా అన్నయ్యా?" అని ఆవిడ అడిగింది.

ఈ ప్రశ్న వాళ్లొక్కరిదే కాదు. రెండు మోటార్ సైకిళ్లు పట్టే టాయ్ హాలర్ కొన్నవాళ్లు, పిల్లకి గుర్రపు స్వారీ నేర్పిస్తూ గుర్రాల ట్రైలర్ దాకా వెళ్లినవాళ్లు, రిటైరయ్యాక ఇల్లు అమ్మేసి దేశం తిరుగుదామనుకుంటున్నవాళ్లు, అందరూ ఎక్కడో ఒకచోట ఇదే అడుగుతారు. అందుకే ఈ పూట దీని గురించి కాస్త వివరంగా మాట్లాడదామనుకున్నాను.

ముందు అసలు మాట చెప్పేస్తాను. అమెరికాలో ఒక బండి ఆర్వీ, అంటే రిక్రియేషనల్ వెహికల్, అవునో కాదో తేల్చే ఆఫీసు ఒకటి లేదు. భద్రతా ప్రమాణాలు చూసే ఫెడరల్ సంస్థ, టైటిల్ ఇచ్చే రాష్ట్రం, వ్యాపార వాహనాల మీద అధికారం ఉన్న మరో ఫెడరల్ సంస్థ, డ్రైవింగ్ లైసెన్సు ఇచ్చేవాళ్లు, పన్నుల శాఖ, ఆఖరికి మీ ఇన్సూరెన్సు కంపెనీ, ఎవరికి వాళ్లు వేరే ప్రశ్న వేస్తారు. ఒకరు అవునన్నారని రెండోవాళ్లు అవుననక్కర్లేదు. మనవాళ్లు ఇబ్బందిపడేది ఇక్కడే. నెంబరు ప్లేటు మీద ట్రావెల్ ట్రైలర్ అని పడగానే పని అయిపోయిందనుకుంటారు.

ఆ ట్రైలర్‌ని నేనూ వెళ్లి చూశాను. వెనక ర్యాంపు దించితే లోపల నల్ల రబ్బరు పరిచిన నేల, సామాను బిగించి కట్టడానికి నేలలో దిగేసిన ఇనప కొక్కేలు, గోడల వెంట పొడుగ్గా పట్టాలు. మధ్యలో అడ్డగోడ, గోడకి ఇరుకు తలుపు. తలుపు దాటితే రెండు బర్నర్ల గ్యాసు పొయ్యి, ఒక గిన్నె పట్టేంత సింకు, నడుమెత్తు ఫ్రిజ్, టాయిలెట్, షవర్, హిచ్ మీదికి వచ్చే మెడ భాగంలో ఇద్దరికి సరిపడా పరుపు. ఆవిడ చూపంతా ఆ పొయ్యి మీదే. ఆస్టిన్‌లోనో హ్యూస్టన్‌లోనో పెళ్లంటే తెల్లవారుజామున లేచి మండపం కట్టాలి. హోటల్ వెతుక్కోకుండా అక్కడే నడుం వాల్చి, ఇంత టీ కాచుకుని పనిలోకి దిగొచ్చని ఆవిడ లెక్క. ఆ లెక్కలో తప్పేమీ లేదు. కష్టపడేవాళ్ల లెక్క అది.

ఇప్పుడు నిబంధనలు చూద్దాం. వాహనాల భద్రతా ప్రమాణాలు రాసేది నేషనల్ హైవే ట్రాఫిక్ సేఫ్టీ అడ్మినిస్ట్రేషన్. ఫెడరల్ నిబంధనల్లో 49వ టైటిల్, 571.3 సెక్షన్‌లో ఆర్వీ ట్రైలర్ అంటే ఏమిటో వాళ్లు చెప్పారు. తాత్కాలిక నివాసానికి పనికొచ్చేలా తయారైందని చూపించడానికి ఆరు సౌకర్యాలు పేర్కొని, వాటిలో కనీసం నాలుగు ఉండాలన్నారు. వంట ఏర్పాటు, ఫ్రిజ్ లేదా ఐసు పెట్టె, సొంత టాయిలెట్, హీటరు లేదా ఏసీ, కొళాయీ సింకుతో సహా తాగునీటి ఏర్పాటు, ఆరోది విడిగా 110 నుంచి 125 వోల్టుల కరెంటు లేదా ప్రొపేన్ గ్యాసు. ఈ లెక్కన మనవాళ్ల ట్రైలర్‌లో దాదాపు అన్నీ ఉన్నాయి.

అయితే ఆ జాబితాకి ముందే ఒక షరతు ఉంది. ప్రధానంగా సరుకు మోయడానికి తయారుచేసిన ట్రైలర్ ఈ లెక్కలోకి రాదు. మరి టాయ్ హాలర్లు సరుకు మోయవా అంటే, వాటి గురించీ అక్కడే చెప్పారు. సొంత వాడకానికి మోటార్ సైకిళ్లు, ఏటీవీలు, పడవలు లాంటివి పెట్టుకునే చోటు ఉన్నా, నివాసభాగం ఏదో పేరుకు ఉన్నట్టు కాకుండా విశాలంగా ఉంటుంది కాబట్టి వాటిని ఆర్వీలుగానే చూస్తారు. సౌకర్యాలు లెక్కపెడితే సరిపోదన్నమాట. బండి దేనికోసం పుట్టింది, ఇల్లు పెద్దదా సామాను గది పెద్దదా అన్నది కూడా చూడాలి. 34 అడుగుల్లో వెనక 22 అడుగులు కొక్కేలూ పట్టాలూ ఉంటే అది దేనికోసం పుట్టిందో ఎవరికైనా తెలుస్తుంది.

ఈ చిక్కు బాగా తెలిసినవాళ్లు గుర్రాలవాళ్లు. ఫోర్ట్ వర్త్‌కి పడమరన వెదర్‌ఫర్డ్ అనే ఊరుంది. పశువుల మంద నుంచి ఒక్కదాన్ని విడదీసే కటింగ్ గుర్రాలకు అది పేరుమోసిన చోటు. శని, ఆదివారాల్లో అటు వెళితే మెడ వంచిన గూజ్‌నెక్ ట్రైలర్లు బారులు తీరి కనిపిస్తాయి. వెనక గుర్రాలు ఏటవాలుగా నిలబడే గదులు, ముందు మనుషుల గదులు. ఆ మనుషుల భాగాన్ని షార్ట్ వాల్ పొడుగుతో కొలుస్తారు. అడ్డగోడ ఏటవాలుగా ఉంటుంది కాబట్టి పొట్టి వైపు ఎన్ని అడుగులుందో చెబుతారు. 8 అడుగుల షార్ట్ వాల్ అంటే మంచం, బాత్‌రూము, ఓ గట్టు. 16 అడుగులంటే సోఫా, డైనెట్, ఒక్కోసారి స్లయిడ్ అవుట్ కూడా. రెండింటినీ గుర్రాల ట్రైలర్ అనే అంటారు. కానీ మొదటిది గుర్రాల బండిలో మంచం వేసినట్టుంటుంది, రెండోది ఇంటికి వెనక కొట్టం కట్టినట్టుంటుంది. ఎన్ని అడుగుల దగ్గర ఒకటి రెండోదిగా మారుతుందో ఫెడరల్ నిబంధనలో ఎక్కడా లేదు. ఆ అస్పష్టత జనానికి మేలు చేయదని నా అభిప్రాయం. చట్టం ఒక కొలత చెప్పి ఉంటే ఇన్ని వేల కుటుంబాలు కౌంటర్ దగ్గర గుమాస్తా విచక్షణ మీద ఆధారపడాల్సి వచ్చేది కాదు.

సరే, ఇక టెక్సాస్ రాష్ట్రం. ఇక్కడ టైటిల్, రిజిస్ట్రేషన్ కౌంటీ టాక్స్ ఆఫీసులో జరుగుతాయి. దరఖాస్తు ఫారం 130-యు. టెక్సాస్ రవాణా చట్టం ట్రావెల్ ట్రైలర్‌కి ఇచ్చిన నిర్వచనంలో మనకు కావలసినవి మూడు మాటలున్నాయి. వినోదానికో క్యాంపింగ్‌కో ప్రయాణానికో తాత్కాలిక నివాసంగా ఉండటమే దాని ముఖ్య ఉద్దేశం కావాలి. శాశ్వత నివాసంగా వాడకూడదు. మనుషులు ఉండటమే ప్రధానం కాని యుటిలిటీ ట్రైలర్, ఎన్‌క్లోజ్డ్ ట్రైలర్ ట్రావెల్ ట్రైలర్ కిందికి రావు. ఈ మూడో మాట మండపాల ట్రైలర్‌కి అక్కడికక్కడే తలుపు మూసేస్తుంది. ఎన్‌క్లోజ్డ్ ట్రైలర్‌లో ఓ మూల పొయ్యి పెట్టినంత మాత్రాన నివాసం ప్రధానం అయిపోదు.

కొత్త బండి అయితే కంపెనీ ఇచ్చే మూలపత్రం ఉంటుంది, మాన్యుఫాక్చరర్స్ సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్ అంటారు. బండి రకం ఏమిటో అందులోనే రాసి ఉంటుంది. మొదటి టైటిల్ దాన్ని బట్టే వస్తుంది. డబ్బు కట్టకముందు ఆ కాగితం చూపించమని అడగండి. అందులో కార్గో ట్రైలర్ అనో లైవ్‌స్టాక్ ట్రైలర్ అనో ఉంటే, అమ్మేవాళ్లు నోటితో ఎన్ని చెప్పినా ఆ తర్వాత మార్పించుకోవడం మీ తలనొప్పి. తలుపు పక్కన ముద్ర ఒకటి ఉందేమో కూడా చూడండి. ఆర్వీ ఇండస్ట్రీ అసోసియేషన్ ముద్ర ఉంటే, ఆ బండి ఎన్.ఎఫ్.పి.ఎ. 1192 అనే ప్రమాణం ప్రకారం కట్టిందని కంపెనీ హామీ ఇస్తున్నట్టు. కార్గో ట్రైలర్లకు సాధారణంగా ఆ ముద్ర ఉండదు.

ఆ 1192 ప్రమాణం గురించి ఒక్క నిమిషం ఆగి చెప్పాలి. నా దృష్టిలో రిజిస్ట్రేషన్ కన్నా ఇది ముఖ్యం. నిద్రపోయే బండిలో పొగ అలారం, కార్బన్ మోనాక్సైడ్ అలారం, గ్యాసు లీకైతే మోగే డిటెక్టరు, మంటలార్పే సిలిండరు ఉండాలని, మామూలు తలుపు కాక బయటపడటానికి ఇంకో దారి ఉండాలని అది చెబుతుంది. ఆర్వీల్లో ఎర్ర పిడి ఉన్న కిటికీ చూసే ఉంటారు, అది అందుకే. మనవాళ్లు కొందరు ఖాళీ ఎన్‌క్లోజ్డ్ ట్రైలర్ కొని, తెలిసిన వెల్డరుతో గోడ కట్టించి, పరుపూ ప్రొపేన్ హీటరూ పెట్టించి, ఇల్లు తయారైందనుకుంటారు. రాత్రి హీటరు వేసుకుని పిల్లలతో సహా పడుకుంటారు. ఉన్న ఒక్క తలుపు పొయ్యి పక్కనే ఉంటుంది. మంట లేస్తే ఎటు పోతారు? కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు. టైటిల్ మీద ఏం రాసినా సరే, అలాంటి బండిలో అలారాలు బిగించి, రెండో దారి తీయించేదాకా ఎవరినీ పడుకోనివ్వకండి. చేతులు జోడించి అడుగుతున్నాను. ఇంకో మాట. బండి కదులుతున్నప్పుడు వెనక హౌస్ ట్రైలర్‌లో మనుషులు ఉండటం టెక్సాస్‌లో నేరం. పిల్లాడు నిద్రపోతున్నాడు కదా, పరుపు మీదే ఉండనిద్దాం అనుకోవద్దు.

మళ్లీ కాగితాల దగ్గరికి వద్దాం. ఇప్పటిదాకా బండి ఎలా తయారైందో మాట్లాడుకున్నాం. దాన్ని మీరు ఎలా వాడతారన్నది ఇంకో ప్రశ్న. ఇది అడిగేది ఫెడరల్ మోటార్ క్యారియర్ సేఫ్టీ అడ్మినిస్ట్రేషన్. వాళ్లు టైటిల్ మీద ఏముందో చూసి ఊరుకోరు. సామాను దేనికోసం మోస్తున్నారు, దాంట్లో వ్యాపారం ఉందా అని చూస్తారు. గుర్రాల పోటీలకు, కారు రేసులకు వెళ్లేవాళ్లు బహుమతి డబ్బు వస్తే అది వ్యాపారమా అని అడిగితే ఆ సంస్థ చెప్పిన సమాధానం తెలుసుకోదగ్గది. ఆ పని లాభం కోసం చేసేది కాకూడదు, అంటే వచ్చిన బహుమతిని మామూలు ఆదాయంగా చూపించాలి, ఖర్చుల్ని వ్యాపార ఖర్చులుగా పన్నులో తగ్గించుకోకూడదు. కంపెనీల స్పాన్సర్‌షిప్ ఉండకూడదు. అప్పుడు అది వ్యాపార రవాణా కాదు. బండి మీద నాట్ ఫర్ హైర్ అని స్టిక్కరు అంటించుకుంటే సరిపోతుందనే నమ్మకం బాగా వ్యాపించి ఉంది. స్టిక్కరుకి సొంతంగా ఏ విలువా లేదు.

మండపాలవాళ్లతో నేను ఇదే చెప్పాను. మీరు పెళ్లివారి దగ్గర డబ్బు తీసుకుంటున్నారు. డీజిలు, టైర్లు, ట్రైలర్ తరుగుదల, అన్నీ పన్ను పత్రంలో వ్యాపార ఖర్చుగా రాస్తున్నారు, అది మీ హక్కు. కానీ అదే చేత్తో కౌంటీ ఆఫీసులో ఇది మా కుటుంబ విహారానికి అని రాసివ్వలేరు. రెండు కాగితాలూ ఏదో ఒకరోజు ఒకే బల్ల మీదికి వస్తాయి. అది సాధారణంగా యాక్సిడెంటైన రోజు అవుతుంది. సొంత వాడకానికి ఇచ్చే ఆర్వీ పాలసీల్లో వ్యాపార వాడకానికి మినహాయింపు మామూలుగా ఉంటుంది. క్లెయిమ్ చూసే అధికారి మొదట అడిగేది ఆ వేళ ట్రైలర్‌లో ఏముంది, ఎక్కడికి వెళ్తున్నారు అనే. యాభై స్తంభాలూ మూడు వందల కుర్చీ తొడుగులూ ఉన్న బండిని విహారయాత్ర అని ఎలా చెబుతారు?

పైగా వాళ్ల పికప్ అనుమతి బరువు 14,000 పౌండ్లు, ఆ ట్రైలర్‌ది ఇంకో 14,000. రెండూ కలిపితే 28,000. ట్రైలర్ 10,000 పౌండ్లు దాటి, మొత్తం 26,001కి చేరిందంటే, వ్యాపార వాడకానికి క్లాస్ ఎ కమర్షియల్ లైసెన్సు కావాలి. మొదటిసారి ఆ లైసెన్సు తీసుకునేవాళ్లకు 2022 ఫిబ్రవరి 7 నుంచి నిర్ణీత శిక్షణ తప్పనిసరి చేశారు. మెడికల్ సర్టిఫికెట్ విడిగా ఉంటుంది. ఇక పెళ్లి ఓక్లహామాలో అయితే రాష్ట్ర సరిహద్దు దాటిన వ్యాపారం, మొత్తం బరువు 10,001 పౌండ్లు చేరితే చాలు, ఫెడరల్ రవాణా శాఖ ఇచ్చే డాట్ నంబరు కావాలి. ఇదంతా విన్నాక ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఆవిడే తేల్చింది. ఆ ట్రైలర్ వదిలేశారు. 9,990 పౌండ్ల అనుమతి బరువున్న మామూలు ఎన్‌క్లోజ్డ్ ట్రైలర్ తీసుకున్నారు. ఆ అంకె కాకతాళీయం కాదు, 10,000 గీత దాటకుండా కంపెనీలు కావాలనే ఆ బరువుకి కడతాయి. రెండూ కలిపి 23,990, కాబట్టి కమర్షియల్ లైసెన్సు అక్కర్లేదు. వ్యాపారం పేరు మీద రిజిస్ట్రేషను, వ్యాపార ఇన్సూరెన్సు, డాట్ నంబరు తీసుకున్నారు. పొయ్యి లేదు, పరుపు లేదు, పెళ్లివారే హోటల్ గది ఇచ్చేట్టు ఒప్పందంలో రాసుకుంటున్నారు.

నిజంగా విహారానికే కొనుక్కునేవాళ్లకి దారి సులువు. అయినా లైసెన్సు దగ్గర చాలామంది పొరబడతారు. ఆర్వీకి కమర్షియల్ లైసెన్సు అక్కర్లేదు అన్న మాట టెక్సాస్‌లో నిజమే. దాని అర్థం మామూలు కారు లైసెన్సు చాలని కాదు. 14,000 పౌండ్ల పికప్‌కి 16,000 పౌండ్ల ఫిఫ్త్ వీల్ ట్రైలర్ తగిలిస్తే 30,000. దానికి నాన్ కమర్షియల్ క్లాస్ ఎ లైసెన్సు ఉండాలి, దానికీ బండితో పరీక్ష ఉంటుంది. కాలిఫోర్నియా వెళితే లెక్క మళ్లీ మారుతుంది. అక్కడ 10,000 పౌండ్లు దాటిన ట్రావెల్ ట్రైలర్‌కి, 15,000 దాటిన ఫిఫ్త్ వీల్‌కి నాన్ కమర్షియల్ క్లాస్ ఎ అడుగుతారు. 10,000కీ 15,000కీ మధ్య ఉన్న ఫిఫ్త్ వీల్‌కి మామూలు క్లాస్ సి లైసెన్సు మీద అదనపు ఎండార్స్‌మెంట్ ఉంటే చాలు. ఒక్కో ట్రైలర్ పొడుగు అక్కడ 40 అడుగులు దాటకూడదు. ఫ్రీమాంట్‌కో శాన్ రామన్‌కో ఉద్యోగం మారి వెళ్లేవాళ్లు టెక్సాస్‌లో 43 అడుగుల టాయ్ హాలర్ కొనేముందు ఇది గుర్తుపెట్టుకోవాలి.

బరువు మాట వచ్చింది కాబట్టి, ఆర్వీ ట్రైలర్‌కి ఒక లేబులు ఉంటుంది. అందులో సామాను ఎన్ని పౌండ్లు దాటకూడదో, ట్యాంకు నిండా నీళ్లు పోస్తే ఆ నీళ్ల బరువెంతో రాసి ఉంటుంది. గ్యాలను నీళ్లు 8.3 పౌండ్లు. వంద గ్యాలన్ల ట్యాంకు నింపితే 830 పౌండ్లు, మన లెక్కలో 376 కిలోలు. సామానుకి 1,500 పౌండ్లే అనుమతి ఉన్న బండిలో సగానికి పైగా నీళ్లకే పోయిందన్నమాట. ఆ పైన మనం బియ్యం బస్తా, గ్రైండరు, కుక్కర్లు, దుప్పట్లు, పిల్లల సైకిళ్లు ఎక్కిస్తాం. జులైలో టెక్సాస్ తారు రోడ్డు మీద ఎక్కువ బరువుతో, తక్కువ గాలితో నడిచే టైరు పేలిపోవడానికి ఇంకేం కావాలి? పెద్ద ట్రక్ స్టాపుల్లో క్యాట్ స్కేలు అనే తూకం ఉంటుంది. అయోవాలోని వాల్కాట్‌లో ఆ కంపెనీ 1977లో మొదలైంది. కొద్ది డాలర్లకి పికప్ ముందు చక్రాలు, వెనక చక్రాలు, ట్రైలర్ చక్రాలు విడివిడిగా తూచి కాగితం ఇస్తారు. ప్రయాణానికి సర్దుకున్నాక, మనుషులు కూడా ఎక్కి కూర్చున్నాక ఒకసారి తూయించండి. ఖాళీ బండిని తూచి ప్రయోజనం లేదు.

పన్నుల శాఖ ప్రశ్న వీటన్నిటికన్నా సూటిగా ఉంటుంది. ఇంటి రుణం వడ్డీ గురించి వాళ్లు వేసే 936వ ప్రచురణలో ఇల్లంటే ఏమిటో చెప్పారు. పడుకునే చోటు, వండుకునే చోటు, టాయిలెట్, ఈ మూడూ ఉంటే హౌస్ ట్రైలర్‌ని, పడవని కూడా ఇల్లుగా లెక్కించుకోవచ్చు. ఆ బండినే తాకట్టు పెట్టి తీసుకున్న అప్పుకి, ఖర్చులు విడివిడిగా చూపించేవాళ్లు రెండో ఇంటి వడ్డీ కింద తగ్గింపు అడగొచ్చు. అద్దెకిస్తే మాత్రం, ఏడాదిలో 14 రోజులు లేదా అద్దెకిచ్చిన రోజుల్లో పదోవంతు, ఏది ఎక్కువైతే దానికన్నా ఎక్కువ రోజులు మీరు సొంతంగా వాడి ఉండాలి. చూడండి, నాలుగు సౌకర్యాలడిగే సంస్థ ఒకటి, మూడు చాలనే సంస్థ ఇంకొకటి. రాష్ట్రం ట్రావెల్ ట్రైలర్ కాదన్న గుర్రాల బండి పన్నుల శాఖ దగ్గర ఇల్లు కావచ్చు.

శాశ్వతంగా అందులోనే ఉందామనుకునేవాళ్లకి ఇంకో సంగతి. ఫెడరల్ గృహనిర్మాణ శాఖ 2018 నవంబరులో ఇచ్చిన నిబంధన ప్రకారం ఆర్వీ అంటే వినోదానికి మాత్రమే రూపొందించినది, శాశ్వత నివాసానికి కాదు. అది బండి ఎలా తయారుచేశారన్న దాని మీద పెట్టిన షరతు. ఏడాది పొడుగునా ఆర్వీలో తిరిగే రిటైరైనవాళ్లు వేలమంది ఉన్నారు. వాళ్లకి చిరునామా సమస్య. అందుకే హ్యూస్టన్‌కి ఉత్తరాన లివింగ్‌స్టన్ అనే చిన్న ఊళ్లో ఎస్కేపీస్ అనే ఆర్వీ క్లబ్బు ఉత్తరాలు అందుకుని పంపే సేవ నడుపుతోంది. ఎందరో అదే ఊరిని సొంత ఊరుగా రాసుకుంటారు. సౌత్ డకోటాలో అయితే ఒక రాత్రి అక్కడ బస చేసినట్టు రసీదు చూపించి లైసెన్సు తీసుకునే ఏర్పాటుంది. ఇక ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల కోసం ఇంటి ముందు ట్రైలర్ నిలిపి అందులో ఉంచుదామని కొందరు అడుగుతుంటారు. ప్లేటు ఉన్నంత మాత్రాన అది కుదరదు. సిటీ నిబంధనలు, హోమ్ ఓనర్స్ అసోసియేషన్ నిబంధనలు వేరుగా ఉంటాయి. మన ఫ్రిస్కో, ప్రాస్పర్ కాలనీల్లో ఆర్వీని ఇంటి ముందు నిలపనివ్వని అసోసియేషన్లే ఎక్కువ.

మోంటానా రాష్ట్రంలో రిజిస్టర్ చేయించే సంగతి అడగకుండా ఎవరూ ఊరుకోరు. అక్కడ సాధారణ సేల్స్ టాక్స్ లేదు. టెక్సాస్‌లో 6.25 శాతం. 80,000 డాలర్ల బండికి 5,000 డాలర్లు. మోంటానాలో ఒక ఎల్ఎల్‌సీ కంపెనీ పెట్టి, బండిని దాని పేరు మీద రిజిస్టర్ చేయిస్తామనే ప్రకటనలు మీకూ కనిపించే ఉంటాయి. కంపెనీ పెట్టడం తప్పు కాదు. కానీ మీరుండేది టెక్సాస్, బండి ఉండేది టెక్సాస్, తిరిగేది ఇక్కడి రోడ్ల మీద. అలాంటప్పుడు ఇక్కడి పన్ను మీ మీద ఉన్నట్టే. అదీగాక విహారానికి అని చెప్పుకునే బండి యజమాని ఒక కంపెనీ అయితే, ఇన్సూరెన్సువాళ్లు మీరు ఎవరని అడుగుతారు. నేను ఎవరికీ ఈ దారి చెప్పను.

హైదరాబాద్ తిరిగి వెళ్లిపోతున్నవాళ్లు అక్కడ కూడా బండిని ఇలా ఆర్వీగా చేయించుకోవచ్చా అని అడుగుతున్నారు. అక్కడి చట్టం పూర్తిగా వేరు. కేంద్ర ప్రభుత్వం 2004 నవంబరులో ఇచ్చిన ప్రకటనలో, సొంత వాడకానికి ఉన్న క్యాంపర్ వ్యాన్‌ని, ట్రైలర్‌ని నాన్ ట్రాన్స్‌పోర్ట్ వాహనాల జాబితాలో చేర్చారు. అయితే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ ఇచ్చిన రూపానికి విరుద్ధంగా బండిని మార్చడం కుదరదు. మెట్‌పల్లిలోనో మచిలీపట్నంలోనో షెడ్డులో వ్యాను కోసి ఇల్లు కట్టించేముందు ఆర్టీవో ఆఫీసులో అడిగి, అనుమతి కాగితం చేతికి వచ్చాకే డబ్బు కట్టండి.

ఇక మీరు కౌంటీ ఆఫీసుకి వెళ్లే రోజు గురించి. మూలపత్రం గానీ పాత టైటిల్ గానీ, అమ్మకం రసీదు, ఇన్సూరెన్సు కాగితం, గుర్తింపు కార్డు, నింపిన 130-యు తీసుకెళ్లండి. బండి ముందు ఎడమ పక్కన ఉన్న కంపెనీ లేబులుకి ఫోటో తీసి దగ్గర పెట్టుకోండి. ట్రైలర్ లోపల నివాసభాగం, సామాను భాగం రెండూ కనిపించేలా ఫోటోలు కూడా ఉంచండి. అది ట్రావెల్ ట్రైలరా కాదా అని గుమాస్తాకి సందేహం వస్తే అవే ఆధారం. దేనికి వాడతారని అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పండి. 2025 జనవరి 1 నుంచి టెక్సాస్‌లో సొంత వాహనాలకు భద్రతా తనిఖీ తీసేశారు, వ్యాపార వాహనాలకు మాత్రం అలాగే ఉంది. కాబట్టి మీరిచ్చే జవాబుని బట్టి తర్వాతి పనులు మారతాయి.

కొద్ది వారాల్లో టైటిల్ పోస్టులో వస్తుంది. కవరు విప్పగానే బీరువాలో పెట్టేయకండి. బండి నంబరులోని 17 అక్షరాలు, అంకెలు లేబులు ఫోటోతో ఒక్కొక్కటే పోల్చి చూడండి. బండి రకం, ఖాళీ బరువు, మోడల్ సంవత్సరం సరిగ్గా పడ్డాయా చూడండి. ఏదైనా తప్పుంటే ఆ వారంలోనే కౌంటీ ఆఫీసుకి వెళ్లి దిద్దించండి. ఒక కాపీ ఇన్సూరెన్సు ఏజెంటుకి పంపి, మా పాలసీలో ఉన్న బండి ఇదేనా, ఈ వాడకానికేనా అని రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోండి. ఆ జవాబు వచ్చాకే బండిని హిచ్‌కి తగిలించండి.